మైక్రోవేవ్‌లో బిర్యానీ అంచులు కాలిపోతున్నాయి, మధ్యలో చల్లగానే ఉంటోంది. ఏం చేయాలి?

నిజాంపేట్_వాసి:
మా ఇద్దరివీ షిఫ్టు ఉద్యోగాలు. ఏ రాత్రికో వచ్చి ఫ్రిజ్‌లో ఉన్నది వేడి చేసుకుని తినడమే కాబట్టి ఈమధ్యే ఒక మైక్రోవేవ్ కొన్నాం. బిర్యానీ పెడితే చుట్టూ నోరు కాలేంత వేడి, మధ్యలో ముక్క మాత్రం ఫ్రిజ్‌లోంచి తీసినట్టే ఉంటోంది, టైమ్ పెంచితే మెతుకులు గట్టిపడుతున్నాయి. ఇంకోటి, వంటింట్లో పెద్ద సాకెట్ ఖాళీగా లేదు, ఎక్స్‌టెన్షన్ బాక్స్ పెట్టి నడపొచ్చా? పైగా ఊరి నుంచి వచ్చిన మా అత్తయ్య ఆ కిరణాలు అన్నంలో ఉండిపోతాయని ముట్టుకోవడం లేదు.

వంటింటి_అక్క:
డబ్బాలో ఉన్న ముద్దని అలాగే పెడుతున్నట్టున్నారు. ఆ తరంగాలు పైనుంచి రెండు మూడు సెంటీమీటర్ల లోతుకే దిగుతాయి, అక్కడి నుంచి లోపలికి వేడి మెల్లగా పాకాల్సిందే. వెడల్పాటి గాజు గిన్నెలో పల్చగా పరిచి, ముక్కల్ని అంచుల వైపు జరిపి, మధ్యలో కాస్త ఖాళీ వదలండి. రెండు చెంచాల నీళ్లు చిలకరించి మూత వదులుగా పెట్టండి. ఫుల్ పవర్ వద్దు, 60-70 శాతంలో ఒకటిన్నర నిమిషం తిప్పి, ఆపి, అడుగు నుంచి కలిపి మళ్లీ తిప్పండి. అయ్యాక రెండు నిమిషాలు మూత తీయకండి, ఆ ఆవిరికే లోపలి ముక్క వేడెక్కుతుంది. చికెన్ మధ్యలో కూడా పొగలు రావాలి, లెక్క ప్రకారం 74 డిగ్రీలు.

బిర్యానీలో ఉడికించిన గుడ్డు ఉంటే ముందే తీసేయండి, దయచేసి! లోపల ఆవిరి పట్టి పేలుతుంది, ఒక్కోసారి బయటికి తీశాక కొరకబోతుంటే పేలుతుంది. ఇంకో మాట, అన్నాన్ని రాత్రంతా బయట వదిలేసి పొద్దున వేడి చేస్తే సరిపోతుందనుకోవద్దు. అందులో పెరిగే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా వదిలే విషం ఎంత వేడి చేసినా పోదు. రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయాలి.

కరెంటు_పని_అన్న:
ఎక్స్‌టెన్షన్ బాక్స్ అస్సలు వద్దండి. డబ్బా మీద 800 వాట్లని ఉన్నా అది తిండికి చేరే లెక్క, గోడలోంచి లాగేది సుమారు 1200 వాట్లు, అంటే ఐదు ఆంప్స్ పైనే. సన్న వైరు బాక్సులు వేడెక్కి ప్లగ్గు దగ్గర కరిగిపోతాయి. ఓనర్‌కి చెప్పి ఎర్త్ ఉన్న 16 ఆంప్స్ పాయింట్ వేయించుకోండి. వెనకా పైనా గాలి ఆడే జాగా ఉండాలి, ఖాళీగా ఆన్ చేయకూడదు. పాడైతే మాత్రం మీరే విప్పి చూడకండి, ప్లగ్గు తీసేసినా లోపల కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత కరెంటు ఉండొచ్చు.

మియాపూర్_మాస్టారు:
అత్తయ్యగారి భయం తీసిపారేసేది కాదు, ఓపికగా చెప్పండి. దీపం ఆర్పితే వెలుగు గదిలో మిగలదు కదా, ఇదీ అంతే, తలుపు తీయగానే తరంగాలు ఆగిపోతాయి, తిండిలో ఏమీ ఉండిపోదు. ఆ తరంగం పొడవు దాదాపు 12 సెంటీమీటర్లు, తలుపు జాలీ కన్నాల్లోంచి అది బయటికి రాలేదు. అయితే తలుపు వంగినా, సరిగ్గా మూసుకోకపోయినా వాడటం ఆపేయాల్సిందే.

నా భయం కర్రీ పాయింట్ కవర్ల గురించి. పప్పు, పులుసు ఆ పల్చటి కవరుతోనే లోపల పెట్టేసేవాళ్లు చాలామంది ఉన్నారు. గాజు గిన్నెలోకి మార్చుకోండి. స్టీలు గిన్నె, సిల్వర్ ఫాయిల్, బంగారు అంచు పింగాణీ పెడితే నిప్పురవ్వలు వస్తాయి. మెలమైన్ అనే గట్టి ప్లాస్టిక్ ప్లేట్లు కూడా పనికిరావు.

నిజాంపేట్_వాసి:
చాలా థ్యాంక్స్ అందరికీ. పాయింట్ గురించి ఓనర్‌కి ఇప్పుడే ఫోన్ చేశాను. ఫ్రిజ్‌లో పెట్టిన ఇడ్లీలు రాళ్లలా అవుతున్నాయి, వాటికీ ఇదే పద్ధతా?

వంటింటి_అక్క:
ఇడ్లీలకి కలపడం కుదరదు కదా, ఒకదానికొకటి తగలకుండా గుండ్రంగా పేర్చి, తడిపి పిండిన నూలు గుడ్డ కప్పి అర నిమిషం పెట్టండి. చాలకపోతే ఇంకో పది సెకన్లు. వెంటనే తినేయాలి, చల్లారితే మళ్లీ గట్టిపడతాయి.