అప్‌డేట్: ఫీజు కట్టలేదని ఆన్‌లైన్ క్లాస్ లింక్ ఆపేశారు (సాల్వ్ అయింది)

బస్సు ఫీజుతో సహా మొత్తం కడితేనే పాపకి క్లాస్ లింక్ ఇస్తామన్నారని, టీచర్‌తో వాట్సాప్ గ్రూప్‌లో గొడవైందని రాశాను కదా. హెల్ప్ చేసిన అందరికీ థాంక్స్ అండి. పనిచేసింది జీవో 46 సలహానే, కరోనా టైమ్‌లో, 2020 ఏప్రిల్‌లో తెలంగాణ గవర్నమెంట్ ఇచ్చింది, 2020-21 విద్యా సంవత్సరానికి ప్రైవేట్ స్కూళ్లు ట్యూషన్ ఫీజు ఒక్కటే, అదీ నెలనెలా తీసుకోవాలి, పెంచకూడదు అని. ఆ కాపీ పెట్టి నలుగురు పేరెంట్స్‌మి డీఈవో ఆఫీసులో కంప్లైంట్ ఇస్తే మూడో రోజుకి లింక్ వచ్చేసింది. టీసీ, కోర్టు వేటితోనూ పని పడలేదు.

టీచర్‌ని అనడం మాత్రం నా తప్పే. లింక్ ఆపమన్నది మేనేజ్‌మెంట్ అంట, ఆవిడకి ఐదు నెలలుగా సగం జీతమే, ఫోన్‌ని బియ్యం డబ్బాకి ఆనించి వంటింట్లోంచే పాఠం చెప్తున్నారు, క్లాసులో కుక్కర్ విజిల్స్ వినబడేది అందుకే. ఫోన్ చేసి సారీ చెప్పాను, గ్రూప్‌లో కూడా పెట్టాను.