బక్‌స్కిన్ గల్చ్‌లో వరదొస్తే బయటికి పరుగెత్తాలా, పైకి ఎక్కాలా?

శేషు (పటమట): అమెరికాలోని యూటాలో ఉన్న ఇరుకైన రాతి లోయ బక్‌స్కిన్ గల్చ్‌కి సెప్టెంబరులో వెళ్లే మన బెజవాడ బృందం ప్లానులో "వరదొస్తే మిడిల్ రూట్ గుండా బయటపడటం" అని ఉంది. మిడిల్ రూట్ అంటే లోయ మధ్యలో గోడ ఎక్కి బయటపడే దారి. ఆ మాట తీసేయాలి. వైర్ పాస్ అనే చోట లోయలోకి దిగితే ఆ దారి సుమారు 13 కి.మీ. దూరం. బురదలో, నీటి గుంటల్లో గంటకు 2 కి.మీ. నడిస్తే గొప్ప. సగంలో ఉంటే ఎటు తిరిగినా మూడు గంటల పైమాటే. వరద అంతసేపు ఆగదు.

హైమ (బ్రాడీపేట): వరదకు పనికిరాదు, ఒప్పుకుంటా. ఒళ్లు బాగోకపోతే మధ్యలో ఉన్న ఆధారం అదొక్కటే కదండీ. అయితే అది మెట్లదారి కాదు, చేతులతో పట్టుకుని రాయి ఎక్కాలి. మడమ విరిగినవాళ్లు ఎక్కలేరు. వాళ్లకు ఒకరు తోడుండాలి, ఇద్దరు పైకెక్కి సాయం పిలవాలి. అందుకే నలుగురికి తక్కువైతే దిగొద్దు. అడుగున ఆకాశం సన్నటి గీతంతే, ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే శాటిలైట్ మెసెంజర్‌కు సిగ్నల్ అందడం కష్టం. అన్నట్టు ఆ పరికరం అక్కడే అద్దెకు తీసుకుని అక్కడే ఇచ్చేయండి. అనుమతి లేకుండా మన దేశంలోకి తెస్తే కేసు.

రవికిరణ్ (తాడేపల్లి): వరదకు దగ్గర్లోని ఎత్తైన రాతి అరుగే దారి. గోడల మధ్య ఇరుక్కున్న దుంగలు చూడండి, నీళ్లు ఎంతెత్తు వచ్చాయో అవే చెప్తాయి. వాటికి పైన ఉన్న అరుగే అరుగు. ఎత్తులో 40 అడుగులకొక గీత ఉన్న మ్యాపులో అలాంటివి కనబడవు. నడుస్తూనే చూసుకుని, దాటిన టైము రాసుకోవాలి. నీటి రంగు మారినా, పుల్లలు కొట్టుకొచ్చినా, ఎగువన హోరు వినబడినా వెంటనే ఎక్కేయాలి. కింద వదిలిన బ్యాగు కోసం దిగొద్దు. నీళ్లు తీశాయని తొందరపడొద్దు, రెండో పోటు రావచ్చు. హెడ్‌ల్యాంపు, పొడి స్వెట్టరు, రేకు దుప్పటి ఎవరివి వాళ్ల దగ్గరే ఉండాలి.

శేషు: రవిగారూ, అక్కడ దుంగలు తలకు చాలా ఎత్తున ఉంటాయి. అంతకు పైనున్న అరుగు ప్రతి మలుపులోనూ దొరకదు. 1997 ఆగస్టు 12న అరిజోనాలో ఇలాంటి ఇరుకు లోయే అయిన యాంటెలోప్ కాన్యన్‌లో 11 మంది పోయారు. వాన కురిసింది వాళ్ల మీద కాదు, మైళ్ల దూరంలో ఎగువన. 2024లో బుడమేరు గండ్లు చూసిన సింగ్‌నగర్‌వాళ్లకు ఇది వేరే చెప్పాలా? చూడాల్సింది మనం దిగే చోటు వాతావరణం కాదు, ఎగువ పరీవాహకం మొత్తానిది. మబ్బు పట్టే సూచనుంటే కారు దగ్గరే ఆగిపోవాలి. సెప్టెంబరంటే అక్కడ ఇంకా వానాకాలమే, అక్టోబరు చివరికి మార్చండి.

హైమ: మార్చితే వరద భయం తగ్గుతుంది, నీటి చలి పెరుగుతుంది. నడుములోతు గుంట దాటాక వణుకు ఆగకపోతే ఎండ తగిలే చోటు కావాలి, అది మిడిల్ రూట్ పైనే. ప్లానులో ఆ దారి ఉంచండి, పక్కన "వరదకు కాదు" అని రాయండి.