నార్వేజియన్ ‘ఫ్యూరింగ్స్‌ఓల్యె’ డేనిష్ నుంచి వచ్చిందా?

నార్వేలో ఇళ్లను వేడిచేసే బాయిలర్లలో పోసే నూనె పేరు ‘ఫ్యూరింగ్స్‌ఓల్యె’. 2020 నుంచి అక్కడ భవనాల వేడికి ఖనిజ నూనె నిషేధం, అందుకే ఈ మాట నాకు పాత ఇంటి పత్రాల్లో తగిలింది. విడగొట్టి చూశాను: ‘ఫ్యూరింగ్’ అంటే మంటవేసి వేడిచేయడం, మధ్యలో ‘స్’ అతుకు, ‘ఓల్యె’ నూనె. ‘ఓల్యె’ మూలం లాటిన్ ‘ఓలెయుమ్’ దాకా నిఘంటువుల్లోనే దొరికింది. చిక్కంతా మొదటి ముక్క దగ్గరే. నిప్పుకు నార్వేజియన్‌లో ‘ఇల్డ్’, ‘ఎల్డ్’ ఉన్నాయి కదా! స్వీడిష్‌లో ఆ ‘ఎల్డ్’తోనే ‘ఎల్డ్‌నింగ్స్‌ఓల్యా’ అన్నారు. డేనిష్‌లో మాత్రం ‘ఫ్యూరింగ్స్‌ఓలియె’. నిఘంటువులు ముక్కల మూలాలు చెప్తున్నాయి గానీ జంట మాట పుట్టుక చెప్పడం లేదు. నార్వేజియన్ ఈ సమాసాన్ని డేనిష్ నుంచి మొత్తంగా తెచ్చుకుందా, తనే కట్టుకుందా?