రిట్ వాపసు తీసుకుంటే లక్షన్నర ఇస్తామంటున్నారు, ఏం చేయాలి?

కొర్లగుంట కుర్రోడు:
మాది తిరుపతి. మా తమ్ముడు ఒక కేసులో రిమాండ్‌లో ఉన్నప్పుడు జైల్లో కొట్టారు, కుడి మణికట్టు విరిగింది. 11 రోజులు నొప్పి మాత్రలతోనే సరిపెట్టారు, ఎక్స్‌రే తీసేసరికి ఎముక వంకరగా అతుక్కుపోయింది. వాడు టైలర్. ఇప్పుడు కత్తెర పడితే వేళ్లు వణుకుతున్నాయి. బెయిల్ వచ్చాక పరిహారం కోసం హైకోర్టులో రిట్ (ప్రభుత్వం మీద నేరుగా హైకోర్టులో వేసే పిటిషన్) వేశాం. మొన్న జైలు వాళ్ల తరఫున ఒక పెద్దమనిషి ఇంటికొచ్చి, లక్షన్నర ఇప్పిస్తా, రిట్ వాపసు తీసుకోండి, వాడి మీదున్న కేసు కూడా మేమే చూసుకుంటాం అన్నాడు. తెచ్చిన కాగితంలో డబ్బు రాయాల్సిన చోట ఖాళీ! అమ్మేమో వచ్చినకాడికి తీసుకోరా అంటోంది. లాయర్ గారు మీ ఇష్టం అంటున్నారు. నిద్ర పట్టట్లేదు.

చిత్తూరు నల్లకోటు:
అన్నా, ఆ కాగితం మీద సంతకం మాత్రం పెట్టొద్దు. "కేసు చూసుకుంటాం" అనేది ఉత్త మాట, తమ్ముడి మీదున్న కేసు ఉపసంహరించాలంటే పీపీ (ఆ కేసు నడిపే ప్రభుత్వ లాయర్) అడగాలి, కోర్టు ఒప్పుకోవాలి, జైలు వాళ్ల చేతిలో ఏమీ లేదు. మళ్లీ వేసుకునే అనుమతి అడక్కుండా రిట్ వాపసు తీసుకుంటే అదే విషయం మీద ఇంకో రిట్ నిలబడదు, ఆ పెద్దమనిషికి కావాల్సింది అదే. రాజీ అంటే ప్రభుత్వ లాయర్ ద్వారా రావాలి, ఎంత ఇస్తారో ఎప్పటిలోగా ఇస్తారో కోర్టు ఆర్డర్లో ఎక్కాలి. రుదుల్ షా కేసు అని 1983లో, నిర్దోషిగా తేలాక కూడా 14 ఏళ్లు జైల్లో ఉంచినందుకు సుప్రీంకోర్టు 30 వేలు ఇమ్మంది, దాంతో పాటు విడిగా నష్టపరిహారం దావా వేసుకోవచ్చని కూడా చెప్పింది. మీ కాగితంలో "ఇకపై ఏ క్లెయిమూ లేదు" అని ఉందేమో చూడు, ఆ దారి మూసేది ఆ లైనే.

మామిడితోట:
మేం మోసపోయాం బ్రదర్. మా నాన్న విషయంలో ఇట్లాగే నోటి మాట నమ్మి కేసు వాపసు తీసుకున్నాం. మొదట 40 వేలు చేతిలో పెట్టారు, మిగతాది ఇదిగో అదిగో అంటూ ఫోన్ ఎత్తడమే మానేశారు. అడగడానికి మా దగ్గర కాగితం ముక్క కూడా లేదు.

బజారువీధి బాబాయి:
అందరూ వద్దంటున్నారు గానీ రాజీ తప్పేం కాదబ్బా, ఏళ్ల తరబడి అమరావతి హైకోర్టుకి బస్సు ఛార్జీలు ఎవరిస్తారు. అయితే లక్షన్నర దగ్గరే ఆగొద్దు. 1993లో నీలబతి బెహెరా కేసులో కస్టడీలో కొడుకు చనిపోతే తల్లికిచ్చింది లక్షన్నరే, అది 30 ఏళ్ల కిందటి డబ్బు. ఎముక సరిచేయడానికి ఆపరేషన్ ఎంతవుతుందో డాక్టర్ చేత రాయించు, కుట్టుపని ఆగిన నెలలు లెక్కగట్టు. రాజీతో కేసులు తేల్చే లోక్ అదాలత్‌కి వెళ్తే మాత్రం గుర్తుపెట్టుకో, అక్కడి అవార్డు (అంటే తీర్పు) మీద అప్పీలు ఉండదు.

కొర్లగుంట కుర్రోడు:
థాంక్స్ అన్నా, బాబాయ్. నల్లకోటు అన్న చెప్పిన లైను నిజంగానే ఉంది, రెండో పేజీ అడుగున. ఫొటో తీసి పెట్టుకున్నా. ఏదున్నా లాయర్ గారి ఆఫీసులో మాట్లాడదాం రండి అని ఆ పెద్దమనిషికి పొద్దున మెసేజ్ పెట్టాను. చూశాడు, ఇంతవరకు జవాబు లేదు.