అమ్మకు కింది దవడ పన్ను లేదు: ఇంప్లాంటా, బ్రిడ్జా?

గోదావరి గట్టు:
అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. అమ్మకు 58 ఏళ్లు. కుడివైపు కింది దవడ పన్నుకి రూట్ కెనాల్ చేయించినా విరిగిపోతే రెండేళ్ల కిందట పీకించాం. అప్పట్నుంచీ అన్నం కూడా ఎడమవైపే నములుతోంది. ఇప్పుడు ఆ వైపు కూడా జివ్వుమంటోందని చూపిస్తే, ఒక డాక్టర్ గారు ఇంప్లాంట్ వేయించమన్నారు, క్యాపుతో కలిపి 35 వేలు. ఇంకొకరేమో బ్రిడ్జి చాలు, 15 వేలలో వారంలో అయిపోతుంది అన్నారు. అమ్మకు షుగర్ ఉంది, మూడు నెలల సగటు 8.6 వచ్చింది. బీపీ మాత్ర, చిన్న డోసు ఆస్పిరిన్ వాడుతుంది. "ఎముకలో మర దింపుతారట, నాకొద్దు బాబోయ్" అని కూర్చుంది. నాకూ టెన్షన్‌గానే ఉంది. చేయించుకున్నవాళ్లు, తెలిసినవాళ్లు చెప్పండి.

పళ్లడాక్టరమ్మ (వరంగల్):
అమ్మా, ముందు ఆ రెండింటికీ తేడా చెప్తాను. బ్రిడ్జి అంటే ఖాళీకి అటూ ఇటూ ఉన్న రెండు పళ్లను చుట్టూ అరగదీసి, మూడు పళ్ల క్యాపును ఒకే ముక్కగా అతికించడం. ఆ రెండు పళ్లకీ ఇప్పటికే పెద్ద ఫిల్లింగో క్యాపో ఉంటే నేనూ బ్రిడ్జికే ఓటేస్తాను. అవి ముట్టుకోని మంచి పళ్లయితే మాత్రం లేని పన్ను కోసం ఉన్న రెండింటిని అరగదీయడం నాకు మనసొప్పదు. పైగా పన్ను లేనిచోట కింద ఎముక కరుగుతూనే ఉంటుంది, బ్రిడ్జి దాన్ని ఆపదు.

ఇంప్లాంట్‌లో మూడు భాగాలు. ఎముకలోకి వెళ్లేది టైటానియం మర. దవడ పళ్లకు సుమారు 4 నుంచి 5 మిల్లీమీటర్ల లావు, 8 నుంచి 12 పొడవు. దాని మీద అబట్‌మెంట్ అనే చిన్న పిలక, దాని మీద క్యాపు. మర వేసేది ఆ చోట మత్తు ఇంజక్షన్ ఇచ్చే, పన్ను పీకినప్పటిలాగే. పన్ను పీకించుకున్నప్పటికంటే ఇదే నయం అనేవాళ్లు నా దగ్గర చాలామంది. డ్రిల్లు శబ్దానికి భయపడతారు గానీ, దాన్ని నెమ్మదిగా, సెలైన్ నీళ్లు పోస్తూ తిప్పుతాం. ఎముక 47 డిగ్రీల వేడిలో ఒక నిమిషం ఉన్నా కణాలు దెబ్బతింటాయి, మర పట్టుకోదు. అందుకే ఆ నీళ్లు, ఆ నిదానం.

మీరు ఇప్పుడు చూపించాల్సినవి రెండున్నాయి. పన్ను పోయి రెండేళ్లయింది కదా, పైనున్న పన్ను ఖాళీలోకి దిగిందా, పక్క పళ్లు ఒరిగాయా చూడమనండి. దిగితే క్యాపుకి చోటు చాలదు. రెండోది స్కాన్. చిన్న ఎక్స్‌రే ఎముక ఎత్తే చెప్తుంది, మందం చెప్పదు. దవడను త్రీడీలో చూపే సీబీసీటీ స్కాన్ తీయించండి. కింది దవడ లోపల పెదవికి, గడ్డానికి స్పర్శనిచ్చే నరం పోతుంది. మర కొసకీ దానికీ కనీసం 2 మిల్లీమీటర్లు వదలాలి. నరానికి తగిలితే పెదవి మొద్దుబారి అలాగే ఉండిపోవచ్చు.

షుగర్ 8.6తో నేనైతే చెయ్యను. 7 దగ్గరికి తెచ్చుకుని రమ్మంటాను. ఆస్పిరిన్ మీ అంతట మీరు ఆపకండి, ఒక్క ఇంప్లాంట్‌కి సాధారణంగా మేమూ ఆపం. ఇంకొక్కటి, ఎముకలు గుల్లబారకుండా వారానికో మాత్ర గానీ ఏడాదికో ఇంజక్షన్ గానీ అమ్మ వాడుతున్నారా? చాలామంది అది "కీళ్ల మందు" అనుకుని చెప్పరు. అది తప్పక చెప్పాలి, దవడ ఎముక మానకపోయే ప్రమాదం ఉంటుంది.

కాజీపేట జంక్షన్:
నా కథ చెప్తా, భయపడకండి అక్కా. ఐదేళ్ల కింద ఒక ఆఫర్ చూసి పోయిన. స్కాన్ లేదు, చిన్న ఎక్స్‌రే తీసి అదే రోజు వేసేశారు. సిగరెట్ మానమని ఒక ముక్క చెప్పారు, నేను మానలేదు. రెండు నెలలకి ఇడ్లీ తింటుంటే నాలుకకి ఏదో కదిలినట్టు అనిపించింది. వేలు పెడితే మర చేతిలోకి వచ్చేసింది, నొప్పి కూడా లేదు. తప్పు వాళ్లదెంతో నాదెంతో ఇప్పటికీ తేల్చుకోలేదు. మళ్లీ వేరే డాక్టర్ దగ్గర ఎముక పొడి నింపి, ఆరు నెలలాగి వేశారు. సిగరెట్ మానేసిన. మూడేళ్లయింది, బాగుంది.

పళ్లడాక్టరమ్మ (వరంగల్):
తమ్ముడూ, నువ్వు చెప్పిన ఆ రెండు నెలల్లోనే అసలు సంగతంతా ఉంది. మర బిగించిన రోజు గట్టిగానే ఉంటుంది. కొత్తగా పాతిన గుంజ లాంటిది అది, కూరిన మట్టి బిగువే దాన్ని నిలబెడుతుంది. తర్వాత చుట్టూ ఉన్న పాత ఎముకను శరీరమే తినేసి కొత్త ఎముక అల్లుతుంది. పాతది పోయి కొత్తది ఇంకా గట్టిపడని మూడు, నాలుగో వారాల్లో మర పట్టు మొదటి రోజు కంటే తక్కువగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే మనిషికి నొప్పి తగ్గి, "బాగుంది కదా" అని చేగోడీలు తింటాడు. సిగరెట్ చిగురుకి రక్తం సరిగా అందనివ్వదు. అందుకే కింది దవడకి సుమారు మూడు నెలలు, ఎముక మెత్తగా ఉండే పై దవడకి నాలుగు నుంచి ఆరు నెలలు ఆగి క్యాపు వేస్తాం.

రిటైర్డ్ సైన్సు మాస్టారు:
ఎముక టైటానియాన్ని పట్టుకుంటుందని తెలిసింది అనుకోకుండానే. 1952 ప్రాంతంలో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే ఆయన ఎముకలో రక్తప్రసరణ చూడడానికి కుందేలు కాలి ఎముకలో టైటానియం గొట్టం పెట్టాడు. పని అయ్యాక తీద్దామంటే రాలేదు, ఎముక దాన్ని పట్టేసింది. 1965లో యోస్టా లార్షాన్ అనే రోగికి ఇంప్లాంట్లు వేశాడు. ఆయన 2006లో పోయేదాకా, అంటే నలభై ఏళ్ల పైన, వాటితోనే తిన్నాడు.

డాక్టరమ్మగారూ, ఆ ఎముక పొడి దేంతో చేస్తారు? ఆవు ఎముక అని ఎవరో అన్నారు. మా ఇంట్లో ఆవిడ వినగానే లేచి వచ్చేసింది.

పళ్లడాక్టరమ్మ (వరంగల్):
నిజమే మాస్టారూ. బాగా వాడేవాటిలో ఒకటి ఆవు జాతి ఎముకను శుద్ధి చేసి తీసిన ఖనిజ పొడి. పంది నుంచి తీసినవీ, దాతల మనిషి ఎముక నుంచి తీసినవీ ఉన్నాయి. పూర్తిగా కృత్రిమంగా చేసే కాల్షియం ఫాస్ఫేట్ పొడులు కూడా ఉన్నాయి. అభ్యంతరం ఉంటే ముందే చెప్పండి, మేము వేరేది వాడతాం. కొందరు చిన్నబోతామని అడగరు. అడిగితే తప్పేం లేదు.

డల్లాస్ బాబాయ్:
నేను డిసెంబర్‌లో మూడు వారాలు హైదరాబాద్ వస్తున్నా. ఇక్కడ ఒక్క పంటికి చెప్పే రేటు వింటే గుండె ఆగుతుంది. ఆ మూడు వారాల్లో మొత్తం అయిపోతుందా? ఇంకోటి, రేపు ఎంఆర్‌ఐ తీయాల్సి వస్తే ఈ లోహంతో ఇబ్బందా?

పళ్లడాక్టరమ్మ (వరంగల్):
బాబాయ్ గారూ, ఎంఆర్‌ఐకి ఇబ్బంది లేదు, టైటానియాన్ని అయస్కాంతం లాగదు. నోటి దగ్గర బొమ్మ కాస్త చెదురుతుంది అంతే. తీయించేముందు ఒక మాట చెప్పండి.

మూడు వారాల్లో మర వేసి, కుట్లు విప్పి పంపొచ్చు. కుట్లు వారం, పది రోజులకి విప్పుతాం. క్యాపు మాత్రం వచ్చే ట్రిప్పులోనే. ఒక్కరోజులో పళ్లు పెట్టేవాళ్లున్నారు, ముందు పళ్లకు అందం కోసం, కొరకడానికి పనికిరాని తాత్కాలిక క్యాపు పెడతారు. దవడ పంటికి తొందర పనికిరాదు. వెళ్లేటప్పుడు మీ మర ప్యాకెట్ మీది స్టిక్కర్ అడిగి తీసుకోండి. కంపెనీ, సైజు, లాట్ నంబర్ దాని మీద ఉంటాయి. స్ట్రామన్, నోబెల్, ఆస్టెమ్ లాంటి కంపెనీలవి అక్కడా దొరుకుతాయి. ఊరూపేరూ లేనిదైతే రేపు అక్కడ స్క్రూ వదులైనా దానికి సరిపోయే డ్రైవరు డాక్టర్ దగ్గర ఉండదు.

గోదావరి గట్టు:
మేడమ్ గారూ, చాలా థ్యాంక్స్. అమ్మ ఎముకల మాత్ర ఏదీ వాడట్లేదు, చీటీలన్నీ వెతికాను. ఇంకో చిన్న సందేహం, మా పెద్దమ్మ వచ్చి "పై పన్ను ముట్టుకుంటే చూపు పోతుంది, అయినా ఈ వయసులో ఎందుకే" అంటోంది.

పళ్లడాక్టరమ్మ (వరంగల్):
పై పంటికీ చూపుకీ సంబంధం లేదని చెప్పండి. పన్ను తీయించే వయసుకే కళ్లకూ శుక్లాలు వస్తాయి, నింద మా మీద పడుతుంది. ఇంప్లాంట్‌కి పైవయసు హద్దు లేదు. దవడ ఇంకా ఎదిగే పిల్లలకే వేయం.

రేటు అడిగేటప్పుడు ఆ 35 వేలలో స్కాన్, అబట్‌మెంట్, క్యాపు అన్నీ ఉన్నాయా, క్యాపు లోహం లేని జిర్కోనియానా, లోపల లోహంతో పింగాణీనా అని చీటీ మీద రాయించుకోండి. వీలైతే స్క్రూతో బిగించే క్యాపు అడగండి. సిమెంటుతో అతికిస్తే అది ఒక్కోసారి చిగురు కిందికి జారి ఉండిపోయి, చీము పట్టడానికి కారణమవుతుంది.

ఇంప్లాంట్ పెట్టాక అది పుచ్చిపోదు. దాని చుట్టూ చిగురు మాత్రం పాడవొచ్చు. సొంత పంటికీ ఎముకకీ మధ్య మెత్తటి పొర ఉంటుంది, దీనికి ఉండదు, కాబట్టి ఎముక తగ్గుతున్నా నొప్పి తెలియదు. బ్రష్ చేస్తుంటే రక్తం కనిపిస్తే అదే మొదటి గుర్తు. పళ్ల సందుల్లో దూరే చిన్న బ్రష్ కొనిపెట్టండి, ఆరు నెలలకోసారి చూపించండి.

గోదావరి గట్టు (మూడు నెలల తర్వాత):
అప్‌డేట్ ఇస్తానన్నాను కదా. షుగర్ 7.1కి వచ్చింది. రాత్రి అన్నం మానేసి రొట్టె తిన్నదానికి రోజూ నన్ను తిట్టింది. స్కాన్‌లో ఎముక మందం 7 మిల్లీమీటర్లు, నరం దాకా 13 ఉంది. పొడి అక్కర్లేదన్నారు. పక్క పళ్లు రెండూ బాగున్నాయి కాబట్టి ఇంప్లాంటే ఖాయం చేశాం. నిన్న ఉదయం 10 మిల్లీమీటర్ల మర వేశారు. ముప్పావుగంట పట్టింది. బయటికొచ్చి అమ్మ మొదట అన్నమాట: "అయిపోయిందా? ఇంకా మొదలే పెట్టలేదనుకున్నాను." స్టిక్కర్ తీసుకున్నాను బాబాయ్ గారూ, ఆధార్ జిరాక్సుతో పాటు పెట్టాను.

ఇప్పుడు బుగ్గ కాస్త వాచింది, ఐసు పెడుతున్నాం. సంక్రాంతికి అరిసెలు తినొచ్చా అని అడగమంటోంది.

పళ్లడాక్టరమ్మ (వరంగల్):
అరిసె మెత్తగా ఉంటే ఎడమవైపుతో తినమనండి, షుగర్ చూసుకుని ఒక్కటే. చెరకు గడ వచ్చే ఏడాది.