నాన్న నీళ్ళు మింగలేకపోతున్నారు: ఒంగోలు, నెల్లూరుల్లో ఎవరికి చూపించాలి?

మాది పొదిలి దగ్గర పల్లె. 72 ఏళ్ళ మా నాన్నకు రెండు నెలల క్రితం పక్షవాతం వచ్చింది. నడక కాస్త కుదుటపడింది కానీ మింగడమే గండంగా ఉంది. విచిత్రం ఏమిటంటే, మెత్తగా పిసికిన పెరుగన్నం సాఫీగా దిగుతుంది, మంచినీళ్ళు మాత్రం రెండో గుక్కకే పొలమారతాయి. ఆ తర్వాత కాసేపు మాట గరగరమంటుంది, గొంతులో నీళ్ళు నిలిచినట్టు. పల్చటివి త్వరగా జారి ఊపిరి గొట్టంలోకి పోతాయనీ, న్యుమోనియాకు దారితీయవచ్చనీ డాక్టరు చెప్పారు. ప్రస్తుతం నిటారుగా కూర్చోబెట్టి, చిక్కటి రాగిజావ చెంచాతో పడుతున్నాం.

దీనికి స్పీచ్ థెరపిస్టును కలవమన్నారు, మింగడంలో ఇబ్బందులు కూడా వాళ్ళే చూస్తారట. "మాట బాగానే వస్తోందిగా!" అని చుట్టాలు నవ్వుతున్నారు.

ఎక్స్‌రేలో కనబడే బేరియం మందు కలిపింది మింగిస్తూ ఎక్స్‌రే వీడియో తీసే పరీక్ష ఒంగోలులోగానీ నెల్లూరులోగానీ చేస్తున్నారా? మింగడంలో అనుభవం ఉన్న థెరపిస్టు ఎవరైనా తెలుసా? గడ్డం ఛాతీ వైపు వంచి మింగించమని ఒకరన్నారు. పరీక్ష లేకుండా అలా చేయించవచ్చా?

ఇంకో చిక్కు. నాన్నకు ముందునుంచే చెవుడు. వినికిడి యంత్రం కూత పెడుతుందని తీసి బీరువాలో పెట్టేశారు. చెవి అచ్చు, అంటే చెవిలో బిగుతుగా కూర్చునే ముక్క, వదులైతే అలా కూస్తుందట. అచ్చు మళ్ళీ తీయించుకున్నవాళ్ళుంటే ఎక్కడ తీయించారో చెప్పండి. వినపడకపోతే థెరపిస్టు చెప్పేది ఆయన చేసేదెలా? నేను గట్టిగా చెబితే అరుస్తున్నానని అలుగుతారు.