సమస్య: కాడి యెద్దు పాలు కడవ నింపె

నిర్వాహకుడు: అటక దులుపుతుంటే తాతగారి బండికాడి బయటపడింది. మెడలు ఆనినచోట కొయ్య అద్దంలా నునుపుదేరి ఉంది. నిమురుతుంటే ఈ పాదం తట్టింది. ఇదే చివరి పాదంగా పద్యాలు పూరించండి, కానివ్వండి.

పల్నాటి కాపు:
చేను లేదు వాని చేతిలో నొకటైన
పరుల చేను దున్నె పాటు పడుచు
కుప్ప నూర్చినంతఁ గొలిచిరి గింజలు
కాడి యెద్దు పాలు కడవ నింపె

పాలు అంటే వాటా. పాలివాళ్ళు అంటాం కదా, ఆ పాలే. సెంటు నేల లేకున్నా జత ఎడ్లుంటే గింజలు ఇంటికొచ్చేవి.

ఛందస్సు మాస్టారు: విరుపు భేష్. ‘పాటు పడుచు’ మాత్రం పాదం నింపడానికే వచ్చింది.

పల్నాటి కాపు: పోయినసారి నా ‘బంతి కట్టి తొక్కించె’ చూసి బంతిపూలు ఎందుకు తొక్కించావన్నారు మీరే. కళ్ళంలో ఎడ్లను వరసగా కట్టి కంకుల మీద తిప్పడమే బంతి. మాస్టారూ, ఆ మాట ఇంకా వెనక్కి తీసుకోలేదు.

కపిలబావి:
మోట తోలి నీరు పొలముకుఁ బారింప
పాలు పట్టి వరికిఁ బండె గింజ
ఆ జలమ్మె గాదె యా గింజలోఁ బాలు
కాడి యెద్దు పాలు కడవ నింపె

గోదారి గట్టు: పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరంతో పొత్తు కుదరాలి కదా, ‘మో’కు ‘పొ’ యతా?

ఛందస్సు మాస్టారు: పు, ఫు, బు, భు, ము ఒకదానికొకటి చెల్లుతాయి, ఒ ఓలతోనూ. తప్పు అక్కడ లేదు, ‘పొలముకు’లో ఉంది. పొలమునకు అనాలి. ‘పొలమునఁ బారింప’ అంటే గణమూ నిలుస్తుంది. గింజ పాలు పట్టడం మాత్రం నాకు తట్టని ఊహ. బాగా మెచ్చాను.

పల్నాటి కాపు: సీమవాడివి, ఎడ్లతో బావి నీళ్ళు తోడడాన్ని మీరు కపిల అంటారుగా, మోట అన్నావేం?

కపిలబావి: కపిల అంటే ‘పొలము’ యతికి అందదన్నా. మా నాయన తోలేవాడు. ఎడ్లు వాలు దిగితే తోలుబాన పైకొచ్చేది, తొండంలోంచి నీళ్ళు తొట్టిలో దుమికేవి. ఆ చప్పుడు నాకింకా చెవుల్లో ఉంది.

గోదారి గట్టు:
ఏరు కట్టి దున్న నెదిగెను చొప్పయు
ఆవు మేసె దాని నలుపు లేక
వట్టి యావు పాలె? వాస్తవ మిది సుమ్ము
కాడి యెద్దు పాలు కడవ నింపె

ఏరు అంటే ఎడ్లు కట్టిన నాగలి.

పల్నాటి కాపు: ‘అలుపు లేక’ను ‘నలుపు లేక’ అని చదివి నల్లావు ఏమైందా అనుకున్నా. ‘దాని నంతటినియు’ అను. భావం మాత్రం నా పూరణకంటే పైమెట్టు, ఒప్పుకుంటున్నా. 1832-33 నందన కరువులో మా గుంటూరు సీమలో మనుషులతోపాటు గొడ్లూ లెక్కలేనన్ని చచ్చాయి. వాన కురిసినా దున్నడానికి ఎడ్లు లేని ఇంట ఏ పాలుంటాయి?

ఛందస్సు మాస్టారు: బంతి మాట వెనక్కి తీసుకుంటున్నాను కాపుగారూ. ఆ పద్యం మళ్ళీ ఇక్కడ పెట్టండి, ఈసారి కళ్ళంలో నిలబడి చదువుతాను.